రెండు గోడల ఇంట్లో మిరపకాయల కాపురం

వినుకొండ దగ్గర మా ఊళ్లో రామాంజనేయులు కట్టుకున్న ఇంటికి ప్రతి గోడా రెండు గోడలేనన్న వార్త నిజమేననీ, ఆ రెండింటి మధ్యా బంగారం గానీ నాగుపాము గానీ లేవనీ ప్రజలందరికీ ధ్రువీకరించడమైనది. ఉన్నవి ఎండుమిరపకాయలు. అవి అక్కడ కాపురం పెట్టడానికి దారితీసిన పరిస్థితులు ఈ కింద వివరించబడును.

రామాంజనేయులికి ఒక్కతే కూతురు, శ్రీరమ్య. కనిగిరిలో ఇచ్చారు. తొలి కాన్పు పుట్టింట్లో జరగాలి గనక, అదీ సరిగ్గా రోహిణీ కార్తెలో రాబోతోంది గనక, ఆయనకి దిగులు పట్టుకుంది. మా వైపు డాబా ఇళ్ల సంగతి మీకు చెప్పాలా? పగలంతా మేసిన ఎండని గోడ రాత్రంతా నెమరేస్తుంది. ఆ పొయ్యిలో పసిగుడ్డుని ఎలా పడుకోబెట్టాలని రామాంజనేయులు ఫోను ముందు కూర్చుని ప్రపంచంలోని గోడలన్నీ చూశాడు. బయట ఒక ఇటుక గోడ, లోపల ఒక ఇటుక గోడ, మధ్యన నాలుగంగుళాల సందు, ఆ సందులో థర్మాకోల్ పెడితే ఎండ లోపలికి రాదని తేల్చుకున్నాడు. "మనవరాలో మనవడో వచ్చేసరికి ఫ్యాను అక్కర్లేని గది తయారుగా ఉంటదండీ" అని వియ్యంకుడికి మాట కూడా ఇచ్చేశాడు.

"రెండు గోడలూ ఒకదాన్నొకటి తగలకూడదా? ఏం పోట్లాడుకున్నాయండీ?" అన్నాడు మేస్త్రీ బాలస్వామి. అడిగి, చెప్పినట్టే కట్టాడు.

ఊరు తన బాధ్యత తాను నిర్వర్తించింది. సిద్ధాంతిగారు టేపు పెట్టి కొలిచి, బయటి గోడ కొలత ప్రకారం యజమానికి ధనయోగం, లోపలి గోడ కొలత ప్రకారం దరిద్రయోగం ఉన్నాయనీ, ఎటూ కాకుండా సందులో నిలబడితే సమంగా ఉంటుందనీ సెలవిచ్చారు. ఎదురింటివాళ్లు సందులోకి పాము రావడం ఖాయమని నమ్మి, ముందుగానే గుక్కెడు పాలు పోసి వెళ్లారు.

అసలు మేధావి తర్వాత వచ్చాడు. ఆయన రామాంజనేయులి భార్య వెంకటేశ్వరమ్మకి అన్న, పేరు అంకమ్మరావు. ఏటా చొక్కా జేబులో మచ్చుకి నాలుగు మిరపకాయలు వేసుకుని గుంటూరు మిర్చి యార్డుకి వెళ్లొచ్చి, రేటు ఎప్పుడు పెరుగుతుందో ఊరికి ప్రకటిస్తాడు. అది ఆయన చెప్పినప్పుడు ఎన్నడూ పెరగలేదు. ఆయన గౌరవమూ ఎన్నడూ తగ్గలేదు.

ఆ ఏడు రేటు పడిపోయింది. కోల్డ్ స్టోరేజీలు కిటకిటలాడి గేట్లు మూసేశాయి. కల్లాల్లో మిరప టిక్కీలు ఎండకి రంగు వెలిసిపోతున్నాయి. అంకమ్మరావు ఆ బస్తాల వంక చూశాడు. ఇంకా స్లాబు పడని బావగారి ఇంటి వంక చూశాడు. సందు ఆకాశానికి నోరు తెరుచుకుని ఉంది. మా ఊరివాళ్లకి చల్లటి చోటు కనబడితే అందులో మనిషిని పెట్టాలని తోచదు, కాయని పెట్టాలని తోస్తుంది. అది మా పెంపకం.

ఆయన గోడెక్కి ప్రసంగించాడు.

"సోదరులారా! థర్మాకోల్‌కి రేటు పెరిగిద్దా? పోనీ పచ్చడికి పనికొచ్చిద్దా? ఎండుకాయ దూదిలాగా తేలిక. సందు నిండా దట్టిస్తే ఎండ ఎట్టా వచ్చిద్దో నేనూ చూస్తా! గోడ కాయని కాపాడిద్ది, కాయ గోడని కాపాడిద్ది. కరెంటు లేని కోల్డ్ స్టోరేజీ అయ్యా ఇది! రేపు దేశం దేశమంతా మన పల్నాడు వంక చూసిద్ది!"

చప్పట్లు మోగాయి.

"బావా, ఆ సందు పాప కోసం కట్టించింది" అన్నాడు రామాంజనేయులు.

"పాప గదిలో పడుకుంటది, కాయ గోడలో పడుకుంటది. దేని చోటు దానిది. మధ్యలో ఏంది నీ బాధ?"

"ఊరంతా అడుగుతుంటే కాదంటావేందయ్యా? రేపు బారసాలకి గడప తొక్కేదెవరు?" అంది వెంకటేశ్వరమ్మ. రామాంజనేయులు పక్కకి తప్పుకున్నాడు. ఊరు టిక్కీలు విప్పింది. ఇంటి చుట్టూ సందు నిండా కాయ పోసి, తర్వాత కాయ తీసుకోవడానికి, గాదెకి పెట్టినట్టు అడుగున ఒక ఇటుక వదులుగా పెట్టి, పైన స్లాబు వేశారు. గోడల తడి ఇంకా ఆరలేదన్న చిన్న విషయాన్ని, చిన్నది కాబట్టి, ఎవరూ పట్టించుకోలేదు.

ఫలితాలు వెంటనే కనిపించాయి. స్విచ్చు బోర్డు కోసం కరెంటు పనివాడు ఖాజావలి డ్రిల్లు పెట్టగానే గోడ ఎర్రటి పొడిని ఆయన ముఖాన ఊదింది. ఆయన ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్లడు. గృహప్రవేశం నాడు పురోహితుడు మంత్రానికో తుమ్ము చొప్పున తుమ్మాడు. నిండు నెలలతో శ్రీరమ్య గడపలో కాలు పెట్టగానే కళ్ల వెంట ధారలు కట్టాయి. "ఎంతైనా పుట్టిల్లు గదా" అని అమ్మలక్కలు మురిసిపోయారు.

నిష్పక్షపాతంగా చెప్పాలంటే గది నిజంగానే చల్లగా ఉంది. రామాంజనేయులు మాట తప్పలేదు. గదిలోకి ఊపిరి బిగబట్టి వెళ్లినవాడు ఆ చల్లదనాన్ని, ఊపిరి ఆగినంతసేపు, హాయిగా అనుభవించవచ్చు.

శ్రీరమ్య ఆడపిల్లని కని ఆసుపత్రి నుంచి వచ్చింది. పసిది గదిలో రెండుసార్లు తుమ్మి, మూడోసారి ఊపిరి అందక నీలంగా మారింది. తల్లి బిడ్డని ఎత్తుకుని బయటి ఎండలోకి పరుగెత్తాక గానీ దానికి ఊపిరి అందలేదు. రామాంజనేయులు గునపం తీసుకుని ఆ వదులు ఇటుక దగ్గరికి వెళ్లాడు. క్షణంలో ఊరంతా అడ్డం నిలబడింది.

"ఆగు బావా! రేపో ఎల్లుండో రేటు పెరిగిద్ది. ఇప్పుడు తీస్తే ఎండకి కాయ రంగు పోద్ది!" అన్నాడు అంకమ్మరావు.

"నా మనవరాలు బయట ఎండకి మాడిపోతంది గదయ్యా!"

"పిల్లకి రంగు తగ్గితే సున్నిపిండి పెట్టి రుద్దుకుంటాం. కాయకి తగ్గితే ఏం పెట్టి రుద్దుతావు?"

ఊరివాళ్లంతా కలిసి గునపం లాక్కున్నారు.

ప్రస్తుతం కాయ ఇంట్లో ఉంది. రామాంజనేయులి కుటుంబం కాయ ఖాళీ చేసిన కల్లంలో, పరదా పట్ట కింద ఉంది. ఎండకి పసిది ఎర్రగా కందిపోయింది. చూడవచ్చినవాళ్లు పిల్లని మచ్చుకాయలాగా వెలుతురుకి తిప్పి చూసి, "రంగు భలే పట్టిందమ్మా" అని మెచ్చుకుంటున్నారు. రేటు కొంచెం పెరిగింది. ఇంకొంచెం పెరగాలని ఆపారు. గోడలోంచి ఈ మధ్య బూజు వాసన వస్తోంది. లోపల కాయ ఎలా ఉందో ఎవరూ చూడలేదు. చూడటానికి ఇటుక తీస్తే ఎండ తగులుతుందని.

మా వాళ్ల తెలివికి మీరు నవ్వుకుంటున్నారని నాకు తెలుసు. నవ్వండి. మాసిపోతుందని కొన్ననాటి ప్లాస్టిక్ కవరు తీయని సోఫా మీద, వీపు చెమటకి ఆ కవరుకే అతుక్కుపోయి కూర్చుని నవ్వుతున్నారనీ తెలుసు. ముందు ఆ కవరు తీయండి. మా ఇటుక సంగతి తర్వాత చూద్దాం.