ఆకు కదిలినా మంత్రిగారికి తెలుస్తుంది

"ఇకమీదట నాకు తెలియకుండా ఈ దేశంలో ఆకు కూడా కదలదు!" అని ప్రజాభద్రతా శాఖ మంత్రిగారు సోమవారం ఉదయం పత్రికలవారి ముందు ప్రకటించారు. ప్రతి ఇంటి గేటుకూ ఒక కెమెరా బిగిస్తామనీ, అక్కడ ఏది కదిలినా ఇంటి యజమాని ఫోనుకు అలర్ట్ వెళుతుందనీ, చెప్పేవాడు ముందు చేసి చూపించాలి గనుక మొదటి కెమెరా తన గేటుకే పెట్టించుకుంటున్నాననీ సెలవిచ్చారు. ఇలాంటి త్యాగమూర్తి ఈ రోజుల్లో ఎక్కడ దొరుకుతాడని వెనకాల నిలబడ్డ పీఏగారి గుండె ఉప్పొంగిపోయింది. ఆ ప్రసంగం రాసింది తనేనన్న సంగతి ఆ నిమిషాన ఆయనకు గుర్తు రాలేదు.

మంత్రిగారు ఆడిన మాట తప్పే మనిషి కాదు. కెమెరా బిగించిన గంటలోనే గేటు పక్క మొక్కకున్న ఆకు కదిలింది. మంత్రిగారికి తెలిసింది. "గేటు వద్ద కదలిక!" అని ఆయన ఫోను ఆడగొంతుతో అరిచింది.

మంత్రిగారి గేటు దగ్గర కదలికంటే మాటలా? ఇన్‌స్పెక్టరు ఆరుగురు కానిస్టేబుళ్ళను వెంటబెట్టుకుని జీపులో వచ్చి దిగాడు. ఏడుగురు దిగేసరికి ఏడు అలర్టులు మోగాయి. ఏడు అలర్టులు మోగేసరికి రెండో జీపు బయల్దేరింది. మధ్యాహ్నానికి స్టేషన్లో మనిషన్నవాడు లేకుండా పోయాడు. లాకప్‌లో ఉన్న దొంగ కూడా, తాళం తనే జాగ్రత్తగా వేసి, ఏం జరిగిందో చూద్దామని వచ్చాడు. అతనికీ ఒక అలర్ట్ మోగింది.

సాయంత్రానికి లెక్క చూస్తే మొత్తం నాలుగు వందల పన్నెండు అలర్టులు. అదుపులోకి తీసుకున్నది ఒక పిల్లిని మాత్రమే. కాకులు పరారీలో ఉన్నాయి.

"చూశావా," అన్నారు మంత్రిగారు పీఏగారితో, కళ్ళు చెమర్చి. "ఇన్నాళ్ళూ ఇవన్నీ మనకు తెలియకుండానే జరిగిపోయాయి!"

అంతా బాగానే ఉండేది గానీ, బుధవారం నాడు చట్టసభలో మంత్రిగారు మాట్లాడవలసి వచ్చింది. "శాంతిభద్రతలు నా గుప్పిట్లో ఉన్నాయి, ఎక్కడా ఏ అలజడీ లేదు" అని ఆయన గుప్పిట పైకెత్తేసరికి, ఆ గుప్పిట్లోని ఫోను "గేటు వద్ద కదలిక! గేటు వద్ద కదలిక!" అని గోల పెట్టింది.

"అది మీ పదవేమో చూసుకోండి," అన్నాడు ఎదుటి పక్షం సభ్యుడొకడు. "గేటు దాటి వెళ్ళిపోతున్నట్టుంది."

సభ సభంతా నవ్వింది. మంత్రిగారి సొంత పక్షంవాళ్ళు కాస్త ఎక్కువసేపు నవ్వారు.

బయటికి రాగానే వరండాలో మంత్రిగారు పీఏగారిని గోడకు అదిమినంత పని చేశారు.

"శుక్రవారం ప్రభుత్వాధినేత మా ఇంటికొస్తున్నారయ్యా, కెమెరా చూడ్డానికి. ఆలోపు ఈ అనవసరపు మోత ఆగాలి. ఆగకపోతే నువ్వు పాత రికార్డుల గోదాములో ఉంటావు."

"పోనీ కెమెరా తీయించేద్దామా సార్?"

"ఎలా తీయిస్తావ్? ప్రకటించేశాం కదా!"

పీఏగారికి దుమ్ము పడదు. నిరుటి ఫైలు ఒక్కటి విప్పితే పదకొండు తుమ్ములు తుమ్ముతారు. గోదాములో ఉన్నవి ముప్ఫై ఏళ్ళనాటి ఫైళ్ళు. ఇంటికెళ్ళి విషయం చెప్తే భార్య నుదురు కొట్టుకుంది.

"ఆ గోదాములో మీరు వారం రోజులు బతకరు. నా మాట విని మా తమ్ముణ్ణి పిలవండి. కెమెరాలు బిగించేది వాడేగా? పెళ్ళైన దగ్గర్నుంచీ వాణ్ణి పనికిమాలినవాడంటారు, ఇప్పుడు వాడే దిక్కయ్యాడు!"

గురువారం పొద్దున్నే బావమరిది నిచ్చెన భుజాన వేసుకుని మంత్రిగారి గేటు దగ్గరికి వచ్చాడు. పైకెక్కి కెమెరాను అటూ ఇటూ తిప్పి చూసి తేలిగ్గా నవ్వేశాడు.

"దీనికింత కంగారేంటి బావా? పది నిమిషాల పని. సెన్సిటివిటీ తగ్గిస్తే సగం మోత పోతుంది."

"నెమ్మదిగా మాట్లాడరా! ప్రజల విషయంలో మంత్రిగారి సెన్సిటివిటీ తగ్గించారని రేపు పేపర్లో వస్తే నా గతేంటి?"

"మంత్రిగారిది కాదు బావా, కెమెరాది."

"కెమెరా ఎవరిది?"

బావమరిది ఆ సంగతి వదిలేసి పక్కనున్న కొమ్మ పట్టుకున్నాడు.

"సరే, ఈ కొమ్మ కొట్టేద్దాం. ఎంతసేపూ లెన్సు ముందే ఊగుతోంది."

"అమ్మో! అది మంత్రిగారు స్వహస్తాలతో నాటిన మొక్క. కోటి మొక్కల పథకంలో బతికి బట్టకట్టింది ఇదొక్కటే. పై దేశాలవాళ్ళొస్తే దీన్నే చూపిస్తాం."

"పోనీ కెమెరాని కిందికి వంచుదామా? రోడ్డు మీద పోయే జనం కనబడకుండా ఉంటారు."

"మంత్రిగారు జనానికి మొహం చాటేశారంటారు."

లెన్సు మీది సాలెగూడు తుడవడానికి మాత్రం పీఏగారు, సాలీడుకు ఓటు లేదని నిర్ధారించుకుని, అనుమతి ఇచ్చారు. కొమ్మను కొట్టకుండా పురికొసతో ప్రహరీ ఊచలకు బిగించి కట్టారు. మంత్రిగారికి తెలియకుండా కదలకూడదన్న ఆకు ఇప్పుడు తెలిసినా కదలదు. పాలన మెరుగుపడిందని పీఏగారు తృప్తిగా ఊపిరి పీల్చుకున్నారు.

"గేటు వద్ద కదలిక!" అని పీఏగారి చేతిలో ఉన్న మంత్రిగారి ఫోను అరిచింది.

ఇక లాభం లేదని ఇద్దరూ మెట్టు మీద కూర్చుని సోమవారంనాటి అలర్టుల ఫోటోలు ఒక్కొక్కటే తిరగేశారు. నాలుగు వందల పన్నెండింటిలో మూడు వందల నలభై ఒకే మనిషివి. అతను గేటు ఎదురుగా నిలబడి చెయ్యి ఊపుతున్నాడు. పొద్దున చెయ్యి ఊపుతున్నాడు, మధ్యాహ్నం చెయ్యి ఊపుతున్నాడు. ఎన్ని జీపులొచ్చినా అక్కణ్ణించి కదల్లేదు.

ఇద్దరూ మెల్లిగా తలలెత్తి చూశారు. ఎదురుగా ఇరవై అడుగుల ఫ్లెక్సీలో మంత్రిగారు చెయ్యెత్తి నవ్వుతున్నారు. గాలి వీచినప్పుడల్లా ఆ చెయ్యి నిజంగానే ఊగుతోంది.

"బావా, ఈ ఫ్లెక్సీ పీకేస్తే పీడ విరగడవుతుంది."

పీఏగారు గబుక్కున అతని నోరు మూశారు. "పార్టీ యువజన విభాగం వాళ్ళు కట్టిందిరా అది! కిందటేడు దాని తాడు సవరించిన మేస్త్రీ ఇప్పుడెక్కడున్నాడో తెలుసా?"

"ఎక్కడ?"

"గోదాములో."

బావమరిది తల గోక్కున్నాడు. "అయితే ఇంకొక్కటే దారి. ఈ మొహం కనబడితే పట్టించుకోవద్దని కెమెరాకి నేర్పాలి."

ఫోనులో ఏవేవో నొక్కాడు. తెర మీద మంత్రిగారి నవ్వు ముఖం వచ్చింది. దాని కింద ఒక ప్రశ్న: 'ఈ ముఖం మనిషిదేనా?' ఆ కింద రెండు మీటలు: 'అవును', 'కాదు'.

"నువ్వే నొక్కు బావా," అని ఫోను చేతిలో పెట్టాడు బావమరిది. "నేను ప్రైవేటువాణ్ణి. ప్రభుత్వ నిర్ణయాలు నేను తీసుకోకూడదు."

పీఏగారి వేలు గాల్లోనే ఆగిపోయింది. ఇరవై రెండేళ్ళ సర్వీసు కళ్ళముందు తిరిగింది. ఆ ముఖాన్ని చూసి ఎన్ని వేల నమస్కారాలు పెట్టారో! ఇంతలో గోదాములోని దుమ్ము గుర్తొచ్చి ముక్కు దురద పెట్టింది. ఆయన గట్టిగా కళ్ళు మూసుకుని 'కాదు' నొక్కారు.

'ఖచ్చితంగా కాదా?' అని అడిగింది ఫోను. ఖచ్చితంగా కాదని పీఏగారు మళ్ళీ నొక్కారు.

ఆపైన గురువారమంతా ఫోను మోగలేదనే చెప్పాలి. కెమెరా దెబ్బకు మూడు రోజుల్లో నేరాలు నూటికి నూరు శాతం తగ్గాయని శాఖ ఒక ప్రకటన విడుదల చేసింది.

శుక్రవారం పదింటికి అధినేత కారు దిగారు. "గేటు వద్ద కదలిక!" అంది ఫోను. అందరూ చప్పట్లు కొట్టారు. విలేకరులు దిగారు, మోగింది. తోటమాలి బక్కెట్టు పట్టుకుని అడ్డంగా నడిచాడు, మోగింది. అధినేత మెచ్చుకోలుగా తల ఊపి, "ఏదీ, ఇప్పుడు నువ్వు రా చూద్దాం," అన్నారు మంత్రిగారితో.

మంత్రిగారు బయటికెళ్ళి, ఛాతీ విరుచుకుని, చెయ్యి ఊపుతూ గేట్లోంచి లోపలికి వచ్చారు.

ఫోను పలకలేదు.

మంత్రిగారు మళ్ళీ వెళ్ళి వచ్చారు. ఈసారి దగ్గారు కూడా. ఫోను పలకలేదు. మూడోసారి రెండు చేతులూ ఊపుతూ, గంతులేస్తూ వచ్చారు. విలేకరులు పెన్నులు తీశారు. వెనకాల పిల్లి నడిచి వచ్చింది. "గేటు వద్ద కదలిక!" అంది ఫోను.

"ఎవరు చేశారిది?" అన్నారు అధినేత.

పీఏగారు ముందుకు రాలేదు. వెనకవాళ్ళు తోసేస్తే వచ్చారు. నిజం తప్ప ఇంకేమీ నోటికి రాక, "మంత్రిగారి ముఖాన్ని పట్టించుకోవద్దని నేర్పాం సార్. మోత తగ్గుతుందని..." అంటూ నాలుగు తుమ్ములు తుమ్మారు.

అధినేత ఆయన భుజం మీద చెయ్యేసి పక్కకు తీసుకెళ్ళారు.

"ఒక్కో ముఖానికి ఎంతసేపు పడుతుంది?"

"ఒక్క నిమిషం సార్."

"మా మంత్రివర్గంలో ముప్ఫై మందున్నారు. పొద్దున లేస్తే మా గేటు దగ్గర వీళ్ళ మోతే. ఫోటోలు నేనిస్తాను, రేపొచ్చి ఆ పని చేసిపెట్టు. అసలు ఇకనుంచి నా ఆఫీసులోనే ఉండు."

విషయం పూర్తిగా చెప్పకుండా, పథకాన్ని అధినేత ఇంట కూడా అమలు చేస్తున్నారని మాత్రం మంత్రిగారికి చెప్పారు. "దీనికి నా ముఖమే తొలిమెట్టు!" అని మంత్రిగారు అక్కడికక్కడే మైకుల ముందు ప్రకటించారు.

శనివారం అధినేత గేటుకు కూడా కెమెరా బిగించి, బావా బావమరుదులిద్దరూ అరగంటలో ముప్ఫై ముఖాలూ ముగించారు. బావమరిది నిచ్చెన దిగబోతుంటే చేతిలోని అధినేత ఫోను అరిచింది.

"గేటు వద్ద కదలిక!"

ఇద్దరూ తలలెత్తి చూశారు. ఎదురుగా నలభై అడుగుల ఫ్లెక్సీలో అధినేత చిరునవ్వుతో చెయ్యి ఊపుతున్నారు. గాలి బాగా వీస్తోంది.

బావమరిది ఫోను అందించాడు. 'ఈ ముఖం మనిషిదేనా?' అని అడుగుతోంది తెర.

పీఏగారు ఈసారి కళ్ళు మూసుకోలేదు.