డ్రమ్ము దానం

దానం చెయ్యాలన్న బుద్ధి నాకు పుట్టిందంటే మీరు నమ్మరు. నిజంగానే పుట్టింది. పుట్టించింది మా బాల్కనీలో తిష్ఠ వేసిన నీళ్ల డ్రమ్ము.

అది మా అత్తగారి బహుమానం. ఆవిడలాగే అదీ ఓసారి వచ్చి కూర్చుందంటే కదిలే రకం కాదు.

మా బావమరిది పేద రైతుల కోసం ఇల్లిల్లూ తిరిగి సాయం పోగుచేస్తుంటాడు. మేం ముద్దుగా 'జోలె' అంటాం. వానలు వేళ తప్పాయనీ, కురిస్తే కుండపోత, లేదంటే చుక్క ఉండదనీ, నారు కళ్లముందే మాడిపోతోందనీ ఓ ఆదివారం వచ్చి చెప్పాడు. నా కళ్లు చెమర్చాయి. చెమర్చిన కళ్లు సరాసరి డ్రమ్ము మీద పడ్డాయి.

"ఒరేయ్ జోలే, అది పట్టుకుపోరా! పాపం, నీళ్లు దాచుకుంటారు."

"అది మా అమ్మ ఇచ్చిందండీ!" అంది మా ఆవిడ.

"అందుకేనే, పుణ్యం మీ అమ్మకే."

"పోనీ, మీ అమ్మగారి బీరువా ఇవ్వకూడదూ?"

"బీరువాలో నీళ్లు దాచుకుంటారటే?"

మా ఆవిడ నవ్వి ఊరుకుంది. ఆవిడ ఊరుకుందంటే నేను ఊరు విడిచి పారిపోవాల్సింది.

డ్రమ్ము మెట్ల మలుపులో ఇరుక్కుంది. పైన జోలె, కింద నేను, నడుమ అత్తగారి అభిమానం. చప్పుడుకి అన్ని వాటాల తలుపులూ తెరుచుకున్నాయి.

"మావారికి రైతులంటే ప్రాణం," అని మా ఆవిడ పైమెట్టు మీంచి ప్రకటించింది. "డ్రమ్ముతో సరిపెట్టరు. సెలవు పెట్టి, స్వయంగా వెళ్లి నీటికుంట తవ్వుతారు!"

అందరూ చప్పట్లు కొట్టారు. అవి నేను నిద్రపోవడానికని దాచుకున్న సెలవులు! డ్రమ్ము కింద నలుగుతున్నవాడికి "అవును" అనడానికే ఊపిరి చాలింది.

తీరా మా ఆవిడతో కలిసి ఆ రైతుల ఊరికి వెళ్తే, ఓ రైతమ్మ నా చేతికి పార ఇచ్చింది.

"ఈ కుంట నిండితే ఈ ఏడు పిల్లల్ని బడి మాన్పించి వలసపోయే పనుండదు బాబూ," అంది.

నోటిదాకా వచ్చిన నడుంనొప్పి సాకు అక్కడే ఆగిపోయింది. తవ్వాను. నా పక్కనే మా ఆవిడా తవ్వింది, నాకంటే లోతుగా.

చివరిరోజు మబ్బు పట్టి వాన దంచేసింది. రైతులు కేరింతలు కొట్టారు. నేను జారి కుంటలో బోర్లా పడ్డాను. గట్టు మీంచి మా ఆవిడ అరిచింది:

"ఏవండీ! పక్కూరివాళ్లూ కుంట కావాలంటున్నారు. మీ చెయ్యి మంచిదని చెప్పి మాటిచ్చేశా!"

కుదరదందామని నోరు తెరిచాను. నోటినిండా బురద. తల మాత్రం సరేనన్నట్టు ఊగింది.

నిజం చెప్పొద్దూ, అది ఊగింది బురద వల్ల కాదు.