ఊఁ కొట్టిన కొంగ

ఒక పెద్ద అడవిలో, అన్ని పెద్ద అడవుల్లోలాగే, మేత తక్కువై కళ ఎక్కువైంది.

అక్కడ వాగు ఒడ్డున నున్నటి తెల్లబండ ఒకటి గోడలాగా నిటారుగా ఉండేది. దాన్ని వెండి బండ అనేవారు. వాలుపొద్దు సూటిగా దాని మీద పడుతుంది. ఆ వేళప్పుడు బండ ముందు నిలబడి ఎవరు ఏ ఆట ఆడినా వాళ్ళ నీడలు బండ మీద కదులుతాయి. ఆ నీడలాటలు చూడటానికి అడవంతా పనులు మానుకుని వచ్చేది. పనులు ఉన్నవాళ్ళు తక్కువే కాబట్టి ఇబ్బందేమీ ఉండేది కాదు.

నీడలాటలు కట్టడంలో పేరు మోసినవాడు నిశ్చలుడనే కొంగ. అతని ఆటల్లో పామూ ముంగిసా కలబడేవి, డేగ వచ్చి ఎవరినో ఒకరిని ఎత్తుకుపోయేది, ఆఖరికి కుందేలు గెలిచేది. ఆ ఆటలకి మాటలు కట్టేది అతని భార్య తరళ. పేరు మాత్రం నిశ్చలుడిదే. ఇందులో ఎవరి కుట్రా లేదు. మాటలెవరివని ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు.

ఒక ఏడాది ఎండలు ముదరకముందే తరళ తనే సొంతంగా ఒక ఆట కట్టింది. కథ చాలా చిన్నది. నీడలాటలు కట్టే ఒక కొంగల జంట, కొత్త కథలు తడతాయన్న ఆశతో దూరాన ఉన్న ఒక మడుగుకి వెళ్తుంది. పూర్వం ఒక మహా కళాకారుడు, ముసలి కొంగ, ఆ మడుగు ఒడ్డునే ఉండి గొప్ప గొప్ప ఆటలు కట్టాడట. అక్కడి గాలి పీలిస్తే చాలు, కథలు వాటంతటవే వస్తాయని పేరు. భర్తకి వెళ్ళీ వెళ్ళగానే కథ తడుతుంది. భార్యకి సగమే తడుతుంది. ఆ సగం కథ ఆమె భర్తకి చెబుతూ ఉంటుంది. అతను నీళ్ళకేసి చూస్తూ ఊఁ కొడుతూ ఉంటాడు. ఆమె చెప్పడం ఆపేశాక కూడా ఇంకాసేపు ఊఁ కొడతాడు.

అంతే ఆట. పాము లేదు, డేగ లేదు.

"భర్త వేషం నేను వేస్తాలే. ఏం చెయ్యాలో చెప్పు," అన్నాడు నిశ్చలుడు.

"మీరు కొత్తగా ఏమీ చెయ్యక్కర్లేదండీ. రోజూ ఎలా నిలబడతారో అలాగే నిలబడండి. నేను మాట్లాడుతుంటే మధ్యమధ్య ఊఁ అనండి."

"మరి నాకు మాటలు?"

"ఎందుకండీ మీకు శ్రమ."

"ఊఁ," అన్నాడు నిశ్చలుడు. అప్పటికే అతని చూపు నీళ్ళలో ఏదో కదలిక మీద ఉంది.

మొదటి రోజు ఆట ముగిశాక చాలాసేపు ఎవరూ లేవలేదు. ఆట ముగిసిందని ఎవరికీ తెలియలేదు.

"అయిపోయిందా? పాము రానే లేదే," అన్నాడు చపలుడనే కోతి. "సగమయ్యాకైనా వస్తుందేమోనని తోక కూడా పైకి ముడుచుకుని కూర్చున్నాను."

"కొంగమ్మ నీడ నాజూగ్గా ఉంది. తోకే మరీ పొట్టి," అన్నాడు నెమలి.

ఎలుగుబంటి మొదటినుంచీ నిద్రపోయి అప్పుడే లేచాడు. ఇంత ప్రశాంతమైన ఆట తన జన్మలో చూడలేదని మనసారా మెచ్చుకున్నాడు. తాబేలు మాత్రం పెదవి విరిచాడు. ఆట బాగానే ఉంది కానీ కాస్త తొందరగా నడిపేశారు అన్నాడు.

రెల్లుపొద వెనక నిలబడి తరళ ఇవన్నీ విన్నది. ఆమెకి చప్పట్లు అక్కర్లేదు. ఎవరో ఒకరు వచ్చి, "అమ్మా, ఆ సగం కథ మాకు పట్టింది," అంటే చాలు. ఎవరూ రాలేదు. చీకటి పడుతుంటే భర్త పక్కకి వచ్చింది.

"బాగానే జరిగిందిగా?" అన్నాడు నిశ్చలుడు.

"ఎవరికీ ఏమీ అంటలేదనిపిస్తోందండీ."

"ఊఁ," అన్నాడతను సంతోషంగా.

ఆ అడవి రసజ్ఞ మండలికి సూక్ష్మబుద్ధి అనే నక్క కార్యదర్శి. ప్రేక్షకుల గొణుగుడు విని మండలిలో మిగతావాళ్ళు దిగులుపడ్డారు గానీ, అతని చెవులకి అది వీణానాదంలా వినిపించింది. కారణం ఉంది. పొరుగడవి వాళ్ళు ఏటా కళోత్సవం చేస్తారు. సామాన్యులకి అర్థమయ్యే ఆటని గడప తొక్కనివ్వరు. అర్థం కాని ఆటకి మాత్రం సన్మానం. దాన్ని వెంటబెట్టుకుని వచ్చే కార్యదర్శికి ఉత్సవం అయ్యేదాకా రెండు పూటలా విందు.

సూక్ష్మబుద్ధి వెంటనే మండలి అధ్యక్షుడు గంభీరుడి దగ్గరికి వెళ్ళాడు. గంభీరుడు ఏనుగు. అందరూ అభిప్రాయం చెప్పాకే తన అభిప్రాయం చెప్పడం అతని అలవాటు. అందువల్ల ఏనాడూ అతని అభిప్రాయం తప్పు కాలేదు.

"అయ్యా, మన అడవికి మహర్దశ పట్టింది. తరళమ్మ ఆట ఒక్కరికీ అర్థం కాలేదు," అన్నాడు నక్క.

"ఒక్కరికీ?"

"ఒక్కరికీ కాలేదండి."

గంభీరుడు తేలిగ్గా ఊపిరి తీసుకున్నాడు. "నిజం చెప్పాలంటే నాకూ కాలేదయ్యా. నీకో?"

"నాకు అర్థమైంది కాబట్టే ఎవరికీ అర్థం కాదని చెప్పగలుగుతున్నానండి."

గంభీరుడు ఒప్పుకున్నాడు. పున్నమి ముందు రోజు సాయంత్రం వెండి బండ దగ్గర సభ పెట్టాలనీ, పొరుగడవి నుంచి దూతని రప్పించాలనీ, ప్రేక్షకులు ఒక్కొక్కరే లేచి అర్థం కాలేదని అతని ముందు చెప్పాలనీ నిర్ణయమైంది. అప్పటిదాకా రోజూ ఆట ఆడుతూ ఉండమని తరళకి కబురు పంపారు. తన ఆట ఎందుకు నచ్చిందో ఆమెకి ఎవరూ చెప్పలేదు. నచ్చిందన్నారు, అదే పదివేలనుకుంది.

మర్నాడు బురదగుంట దగ్గర మందర అనే అడవిగేదె కనిపిస్తే నక్క పలకరించాడు.

"ఏం అక్కా, ఆట ఎలా ఉంది?"

"బాగుంది తమ్ముడూ. ఆవిడ ప్రాణం పెట్టి కథ చెబుతోంది, ఆయన వినట్లేదు. ఆవిడ ఆపేసిన సంగతి కూడా తెలీకుండా ఊఁ అంటున్నాడు. నాకు కళ్ళమ్మట నీళ్ళొచ్చాయి."

సూక్ష్మబుద్ధి గొంతు తగ్గించాడు. "అది పైపై అర్థం అక్కా. లోపల వేరే ఉంది."

"ఏముంది?"

"ఆ మడుగు మడుగు కాదు, కాలం. ఆ ఊఁ అనేది ఊఁ కాదు, శూన్యం. ఆ కొంగ అసలు భర్తే కాదు."

"మరెవరు?"

"అది ఎవరికి వాళ్ళు తెలుసుకోవాలి."

మందర చాలాసేపు ఆ మాటల్ని నెమరువేసింది. మింగుడుపడలేదు. "అయితే ఇంకోసారి చూడాలి," అంది.

ఒక గేదెకి అర్థమైందంటే ఇంకెందరికి అర్థమైందోనని నక్కకి భయం పట్టుకుంది. ఎవరికైనా కాస్తో కూస్తో అర్థమై ఉంటే అది పోయేలా చెయ్యాలని అడవంతా తిరిగి ఆటని వివరించసాగాడు. కోతులకి మడుగు గురించి చెప్పాడు, జింకలకి శూన్యం గురించి చెప్పాడు. ఎలుగుబంటికి మౌనం గురించి చెబుతుంటే ఆయన మళ్ళీ నిద్రపోయాడు.

దాంతో అందరికీ ఒకటే కుతూహలం పట్టుకుంది. శూన్యం ఎక్కడుందో చూద్దామని రెండోసారి వెళ్ళారు. కనబడక మూడోసారి వెళ్ళారు. బండ ముందు చోటు చాలక కోతులు కొమ్మలెక్కి కూర్చున్నాయి. కథ ముందే తెలుసు, పాము రాదని తెలుసు. ఇక చూడటానికి బండ మీద ఆ కొంగలిద్దరే మిగిలారు.

"మామా, శూన్యం నాకు కనబడలేదు," అన్నాడు చపలుడు ఒకనాడు నక్కతో. "కానీ ఆ కొంగమ్మ ఒకచోట 'ఏమండీ, నేను నీళ్ళలో పడిపోయాను' అంటుంది చూడు, దానికీ ఆయన ఊఁ అంటాడు. పడీ పడీ నవ్వాను. ఇంటికెళ్ళాక మా ఆవిడ ఏదో చెబుతుంటే అది గుర్తొచ్చింది. ఎందుకో మరి నవ్వు రాలేదు."

అడవిలో సంసారాలు కాస్త ఒడుదుడుకులకి లోనయ్యాయి. పెంటినెమళ్ళు మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "ఇప్పుడు నేనేమన్నానో చెప్పండి," అనడం మొదలుపెట్టాయి. మగనెమళ్ళు పురి విప్పి తప్పించుకోవాలని చూశాయి. ఎలుగుబంటికి ఇంట్లో వారం రోజులు తేనె దొరకలేదు.

సూక్ష్మబుద్ధి ఇంట్లో కూర్చుని ఉత్సవంలో ఇవ్వాల్సిన ఉపన్యాసం పైకి అనుకుంటుంటే, అతని భార్య పింగళ వచ్చి ఎదురుగా కూర్చుని ఏదో చెప్పి ఆగింది.

"ఇందాకటినుంచీ నేనేం చెబుతున్నానండీ?"

"ఊఁ," అన్నాడు నక్క.

సభ రోజు రానే వచ్చింది. పొరుగడవి దూత ఒక ముసలి చిలుక. విన్నది విన్నట్టు అప్పజెబుతాడని అతనికి పేరు. గంభీరుడు తొండం ఎత్తి సభ మొదలుపెట్టాడు.

"ఏమమ్మా మందరా, ఆట నీకు అర్థం కాలేదు కదా?"

"అయిందండి," అంది మందర. "మొదటే అయింది. కార్యదర్శి గారు వివరించాక కొన్నాళ్ళు పోయింది. మళ్ళీ చూస్తే మళ్ళీ అర్థమైంది."

చపలుడు లేచి తనకీ అర్థమైందన్నాడు. నెమళ్ళు, జింకలు, కుందేళ్ళు, ఒకరి తర్వాత ఒకరు అదే మాట. తాబేలు తనకిప్పుడిప్పుడే అర్థమవుతోందన్నాడు. మెలకువగా ఉండి చూడమని ఇంట్లో పంపించారనీ, చూశాననీ, అర్థమైందనీ ఎలుగుబంటి తలొంచుకుని ఒప్పుకున్నాడు. ఆఖరికి పింగళ కూడా లేచింది. సూక్ష్మబుద్ధి ఆమెకేసి చూడలేదు.

చిలుక రెక్క విదిల్చాడు. "అర్థం కానివాళ్ళు ఒక్కరున్నా చాలు, ఎలాగోలా మావాళ్ళని ఒప్పిస్తాను. ఒక్కరైనా ఉన్నారా?"

అప్పుడు వాగు అంచున ఒంటికాలి మీద నిలబడ్డ నిశ్చలుడు మెడ చాచాడు.

"నాకు అర్థం కాలేదండి."

అందరూ అటు తిరిగారు.

"నిజంగానే అంటున్నాను," అన్నాడు నిశ్చలుడు. "రోజూ ఆ ఆటలోనే నిలబడుతున్నాను. ఆఖర్న మీరంతా కళ్ళు తుడుచుకుంటున్నారు. ఎందుకో తెలియడం లేదు. ఆ మగకొంగ చేసిన తప్పేమిటి? పాపం, ఊఁ అంటూనే ఉన్నాడు కదా."

కోతులు కూడా నవ్వలేదు. తరళ నేలచూపులు చూస్తోంది. భర్త నలుగురిలో నవ్వులపాలవుతాడని ఆమె భయం.

మందరే మెల్లగా అడిగింది. "అయ్యా, ఆవిడ మీకు రోజూ చెప్పే ఆ సగం కథ ఏమిటో చెప్పండి."

నిశ్చలుడు ముక్కు తెరిచాడు. "ఒక పిట్ట..." అన్నాడు. ఆగాడు. "ఎగిరిపోయింది."

"ఎందుకు ఎగిరిపోయింది?"

నిశ్చలుడు వాగుకేసి చూశాడు, బండకేసి చూశాడు. రోజూ ఆ కథ అతని చెవి పక్కనుంచే పోయింది. అడవిలో కుందేలు పిల్లలకి కూడా అది నోటికొచ్చు. ఎంత వెతికినా అతనికి ఇంకొక్క ముక్క దొరకలేదు. ఎత్తి పెట్టుకున్న కాలు తనకి తెలియకుండానే నేల మీద పెట్టేశాడు. అప్పుడు భార్యవైపు తిరిగాడు.

"ఎందుకు ఎగిరిపోయింది తరళా?"

"నాకూ తెలియలేదండీ," అంది తరళ. "అందుకే మీకు చెప్పాను."

ఎవరో ముక్కు చీదుకున్నారు. ఎలుగుబంటి అని తర్వాత తేలింది.

"ఉన్న ఒక్కడికీ ఇప్పుడు అర్థమైపోయింది," అన్నాడు చిలుక. "మా ఉత్సవానికి ఈ ఆట పనికిరాదు." వచ్చిన దారినే ఎగిరిపోయాడు. సూక్ష్మబుద్ధి అతను కనుమరుగయ్యేదాకా చూసి, పింగళ వెనకే ఇంటికి నడిచాడు. దారిలో ఆమె ఏదో చెప్పింది. అతను మూడుసార్లు తిరిగి చెప్పించుకుని మరీ విన్నాడు.

అందరూ చెప్పడం అయింది కాబట్టి గంభీరుడు తన అభిప్రాయం చెప్పాడు. ఆట తనకి మొదటిరోజే అర్థమైందన్నాడు. ఇకనుంచి వెండి బండ మీద ఏ ఆట కట్టాలన్నది తరళమ్మ ఇష్టమని కూడా ప్రకటించాడు. ఆ మాట ఒక్కటి సభలో అందరికీ నచ్చింది.

ఆ తర్వాత నిశ్చలుడు మనిషి మారిపోయాడని కొంగల్లో అనుకున్నారు. పొద్దున్న లేస్తే భార్యకి ఎదురుగా వచ్చి నిలబడేవాడు. నీళ్ళకేసి చూసేవాడు కాదు. "చెప్పు," అనేవాడు. ఆమె ఒక మాట అనగానే "తర్వాత?" అనేవాడు. "ఆ మాటలో నీ ఉద్దేశమేమిటి?" అనేవాడు. ఆమె ఊరికే ఊపిరి తీసుకున్నా, "ఇప్పుడేమన్నావు?" అని అడిగేవాడు.

తరళ మొదట మురిసిపోయింది. కొన్నాళ్ళకి మాట్లాడే ముందు ఆలోచించుకోవడం మొదలుపెట్టింది. ఆపైన మాట్లాడటమే తగ్గించింది. కొత్త ఆట కోసం అడవి ఎదురు చూస్తోంది, ఆమెకి ఒక్క ముక్క తట్టడం లేదు. అతనేమో కళ్ళార్పకుండా చూస్తున్నాడు.

"ఏమండీ," అంది చివరికి, "ఇవాళ ఒక్కరోజు మీరు అవతలి ఒడ్డుకి వెళ్ళి చేపలు పట్టుకోకూడదూ?"

"నువ్వు మాట్లాడితే ఎవరు వింటారు?" అన్నాడు నిశ్చలుడు కంగారుగా.

"ఒక్కరోజుకి ఏం కాదులెండి."

అతను మాటిమాటికీ వెనక్కి చూసుకుంటూ వెళ్ళాడు. తరళ ఒంటరిగా నిలబడి, ఇన్నాళ్ళూ తను పడ్డ అవస్థ తలుచుకుంది. ముందు నవ్వొచ్చింది. నవ్వుతుండగానే మొదటి మాట వచ్చింది, దాని వెనక రెండోది. అతను తిరిగొచ్చేసరికి, భార్య ఊపిరి తీసుకున్నా అర్థమేమిటని అడిగే ఒక మగకొంగ గురించి ఆట మొత్తం సిద్ధంగా ఉంది.

నీతి: కథలు కట్టే భార్య ఉన్నవాడు మారకపోతే ఒక కథ, మారితే రెండు.