మూడో అంతస్తుకు చేరని ట్రే

ఆ ఆదివారం పొద్దున డ్రైవింగు మాస్టారు వేసుకున్న పథకం చాలా చిన్నది. కూరగాయలు కోయాలి, ఓవెన్లో కాల్చాలి, మీగడ పొయ్యాలి, భోజనాల వేళకు తోడల్లుడి నోరు మూయించాలి. మొదటి మూడూ భార్య అప్పజెప్పిన పనులు. నాలుగోది ఆయన సొంతంగా చేర్చుకున్నది.

తోడల్లుడు ఒక పెద్ద హోటల్లో షెఫ్. కొన్నాళ్ళ కిందట వాళ్ళింటికి భోజనానికి వెళ్ళినప్పుడు ఆయన స్వయంగా చేసిన మీగడ కూరగాయలు వడ్డించాడు. మాస్టారు రెండుసార్లు మారు వడ్డించుకుని, మూడోసారి గరిటె అందుకుంటూ, "ఇందులో ఏముంది అన్నయ్యా? కోసి ఓవెన్లో పడేస్తే వాటంతటవే వేగుతాయి" అన్నాడు. షెఫ్ చేతిలోని కంచం బల్లమీద పెట్టేశాడు. "ఏదీ, నువ్వొకసారి పడేసి చూపించు" అన్నాడు. "పడేస్తా" అన్నాడు మాస్టారు. ఆ తర్వాత మాటలు కూరగాయల మీంచి డ్రైవింగు మీదకీ, డ్రైవింగు మీంచి వంశాల మీదకీ వెళ్ళాయి. ఆ రోజు నుంచీ తోడల్లుళ్ళకు మాటల్లేవు. మధ్యలో నలిగింది అక్కాచెల్లెళ్ళు. ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోవాలంటే కూరగాయల మార్కెట్లో దొంగచాటుగా కలుసుకోవాల్సి వచ్చేది.

చివరికి మాస్టారి భార్యకు విసుగెత్తింది. ఆవిడ హైస్కూల్లో లెక్కల టీచరు. "ఈ ఆదివారం అక్కనీ బావగారినీ భోజనానికి పిలిచాను. మిగతా వంటంతా నేను చూసుకుంటాను. ఆ కూరగాయలు మాత్రం మీరే చేస్తారు. చేసి, పెట్టి, ఆ రోజన్న మాట తప్పని ఒప్పుకుంటారు" అంది.

"చేస్తాను, పెడతాను" అన్నాడు మాస్టారు. మూడోదాని ఊసెత్తలేదు.

వంటింట్లో అడుగుపెట్టిన క్షణం నుంచే ఆయనకు కోపం మొదలైంది. రోజంతా పక్క సీట్లో కూర్చుని, రెండో బ్రేకు మీద కాలు పెట్టి, ఇంకొకళ్ళ చేత బండి నడిపించడం అలవాటైన మనిషి. ఇక్కడ బ్రేకు లేదు. క్యారెట్టు కత్తికింద జారిపోయి పొయ్యి కిందకు దొర్లింది. వెల్లుల్లి పొట్టు వేళ్ళకు అంటుకుని వదల్లేదు. కాలీఫ్లవర్ పువ్వుల్ని విడదీస్తే సగం పొడిపొడిగా రాలింది. వాటి మీది కోపం ఆయన బంగాళాదుంపల మీద చూపించాడు.

"ముక్కలన్నీ ఒకే సైజులో కోయండి. లేకపోతే కొన్ని మాడతాయి, కొన్ని ఉడకవు" అంది భార్య వెనకనుంచి.

"నాకు తెలుసు."

"తెలిస్తే అలా ఎందుకు కోస్తున్నారు?"

"నువ్వు ఇంకొక్క మాటన్నావంటే కత్తి అక్కడ పడేసి వెళ్ళిపోతాను!"

ఆవిడ నవ్వు ఆపుకుంటూ మాసిన బట్టలు తీసుకుని వాషింగ్ మెషీన్ దగ్గరకు వెళ్ళింది. మాస్టారు ముక్కలకు నూనె, ఉప్పు, మిరియాలపొడి పట్టించి ట్రేలో పరిచి ఓవెన్లోకి తోశాడు. కాసేపటికి మంచి వాసన రాసాగింది. అద్దంలోంచి తొంగి చూస్తే ముక్కల అంచులు ఎర్రగా మారుతున్నాయి. మాస్టారి మొహంలో ఆ పొద్దున మొట్టమొదటి చిరునవ్వు మొలిచింది. సరిగ్గా అప్పుడే పక్క గదిలో భార్య వాషింగ్ మెషీన్ మీట నొక్కింది. టప్పుమని చప్పుడైంది. ఓవెన్లో దీపం ఆరిపోయింది.

"ఎవరు ఆపారు?" అని అరిచాడు మాస్టారు.

"ఎవరూ ఆపలేదు. ఫ్యూజు పోయింది!"

"పోలేదు, నువ్వు పోగొట్టావు! నా ఓవెన్ నడుస్తుంటే నీకిప్పుడే ఉతుకులాట గుర్తొచ్చిందా? ఇదంతా మీ బావతో కలిసి వేసిన ఎత్తు కదూ?"

"ఎత్తులు వెయ్యడానికి మీరేమన్నా చదరంగం ఆడుతున్నారా? వండుతున్నది కూరగాయలు!" అంది భార్య, ఈసారి నవ్వకుండా.

ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేస్తే సాయంత్రం వస్తానన్నాడు. మాస్టారు అతన్ని కూడా నాలుగు దులిపి ఫోన్ పెట్టేశాడు. తరవాత మీగడలో వెల్లుల్లి కలిపి సగం వేగిన ముక్కల మీద గుమ్మరించి, ట్రేని పాత టవల్‌తో పట్టుకుని, మూడంతస్తులూ దిగి టైలరమ్మ తలుపు తట్టాడు. కింది వాటాలో బట్టలు కుట్టే ఆవిడకు పెద్ద గ్యాస్ ఓవెన్ ఉంది. ఆవిడ నోట్లో గుండుసూదులు పెట్టుకుని ఎవరిదో కోటుకు చేతులు అతుకుతోంది. సంగతి విని, నోరు తెరవలేక, ఓవెన్ వైపు తల ఊపింది.

మాస్టారు ట్రే లోపల పెట్టి పైకి వచ్చాడు గానీ మనసు కిందే ఉండిపోయింది. కాలు నిలవలేదు. మెట్ల దగ్గర రెయిలింగు మీంచి వంగి కిందకు కేకేశాడు.

"అమ్మా! పొగ వస్తోందా?"

"ఆఁ, వస్తోందండీ!" అంది టైలరమ్మ కిందనుంచి. వచ్చేది ఆవిరి. కానీ కోటు వదిలి ఎవరు చూస్తారు?

"మంట! మంట! మంట తగ్గించండి!"

రెండో అంతస్తులో తలుపు తెరుచుకుంది. ఆ బిల్డింగు సెక్రటరీ బయటికి తల పెట్టాడు. ఆయన ఫ్యాక్టరీలో భద్రతాధికారిగా చేసి రిటైరైన పెద్దమనిషి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఫ్యాక్టరీలో ఒక్క ప్రమాదమూ జరగలేదన్న కొరత ఆయనకు లోపల్లోపల ఉండిపోయింది. పొగ అన్న మాట వినబడింది. మంట అన్న మాట మూడుసార్లు వినబడింది. తగ్గించండి అన్నది వినబడేసరికి ఆయన ఈల కోసం లోపలికి పరిగెత్తాడు.

ఈల దొరకడానికి కొంత సమయం పట్టింది. ఈలోగా కింద టైలరమ్మ కోటు పని ముగించి ట్రే బయటికి తీసింది. మీగడ చిక్కబడి, ముక్కల మధ్య బుడగలు వేస్తూ, పైన బంగారు రంగు పొర కట్టింది. అదే సమయానికి గేటులోంచి షెఫ్, ఆయన భార్య వచ్చారు. షెఫ్ మొహం రోడ్డు మీదే కోపంగా ఉంది. ఆయన రావడమే పెళ్ళాం పోరు పడలేక వచ్చాడు.

"మూడో అంతస్తుకేనాండీ? ఇది వాళ్ళదే. వేడివేడిగా ఉంది, పట్టుకెళ్ళిపొండి" అని టైలరమ్మ ట్రే ఆయన చేతుల్లో పెట్టింది. ఆయన భార్య కిటికీలో వేలాడుతున్న గౌను చూసి అక్కడే ఆగిపోయింది. షెఫ్ ఒక్కడే లిఫ్టెక్కాడు.

లిఫ్టు మొదటి అంతస్తు దాటగానే ఈల మోగింది. "నిప్పు! అందరూ బయటికి! లిఫ్టు వాడొద్దు!" అని అరుస్తూ సెక్రటరీ మెయిన్ స్విచ్ కిందకు లాగేశాడు. బిల్డింగంతా చీకటి. లిఫ్టు రెండంతస్తుల మధ్య నిలబడిపోయింది. జనం చెప్పుల్లేకుండా, తడి జుట్లతో, కుక్కపిల్లల్ని ఎత్తుకుని వీధిలోకి పరిగెత్తారు.

మాస్టారు మెట్ల మీద సెక్రటరీని అడ్డగించాడు. "ఎక్కడండీ నిప్పు?"

"మీరే కదా పొగ, మంట అని గొంతు చించుకున్నారు!"

"అది కూరగాయల గురించండీ!"

"కూరగాయలంటుకుంటే మాత్రం బిల్డింగు కాలదా? ఫైరింజనుకు ఫోన్ చేశాను. వాళ్ళొచ్చి చూసి సరేననే దాకా స్విచ్ మీద చెయ్యి వెయ్యనివ్వను. రూలు."

"ఎవరు పెట్టారు ఆ రూలు?"

"నేనే!"

మాస్టారు ఏం చేసేవాడో గానీ లిఫ్టులోంచి దబదబమని బాదిన చప్పుడొచ్చింది. షెఫ్ భార్య కిందనుంచి కేకలు పెడుతూ మెట్లెక్కింది. "మా ఆయన అందులో ఉన్నారు!" మాస్టారి భార్య పైనుంచి దిగింది. అందరూ రెండో అంతస్తు లిఫ్టు తలుపు ముందు చేరారు.

"అన్నయ్యా! మీకేం కాలేదు కదా?" అని అరిచాడు మాస్టారు. అన్నాళ్ళ తర్వాత వాళ్ళ మధ్య అదే మొదటి మాట.

"కాలేదు. చేతులు కాలుతున్నాయి" అంది తలుపు వెనక గొంతు.

"ఎందుకు?"

"నీ ట్రే."

"ట్రే మీ దగ్గరుందా? కింద పెట్టండి! ముట్టుకోకండి! అది నేను వడ్డించాలి!"

"నువ్వు వడ్డించేదేమిటయ్యా? కింద బట్టలు కుట్టే ఆవిడ చేత చేయించి, నా చేతే మోయించి, నీ వంటేనని నాకే పెడదామనుకున్నావా? ఎంత పొగరు!"

"నేనే చేశాను! పొద్దున్నుంచీ చస్తూ చేశాను!"

"అవునా? ఒక్క ముక్క నోట్లో పెడితే తెలిసిపోతుంది."

మాస్టారు తలుపుకు చెవి ఆనించాడు. "ఏం చేస్తున్నారు?"

"పరీక్ష చేస్తున్నాను." కొంచెం సేపటికి గొంతు మళ్ళీ వచ్చింది. "కాలీఫ్లవర్ అంచు కరకరలాడుతోంది, లోపల మెత్తగా ఉంది. ఇది నీ చెయ్యి కానే కాదు."

"నా చెయ్యే!"

"క్యారెట్టు తీపి పోలేదు. నీ వల్ల అయ్యే పనా?"

"అయింది!"

"మీగడ విరగలేదు. వెల్లుల్లి పచ్చివాసన లేదు. చెప్తున్నాను కదా, ఆ టైలరమ్మది అద్భుతమైన చెయ్యి. మా హోటల్లో ఉద్యోగమిస్తాను."

మెచ్చుకున్న ప్రతి మాటకూ మాస్టారి ఛాతీ పొంగుతోంది, వెనువెంటనే ఒళ్ళు మండుతోంది. ఆయన తలుపును కాలితో తన్నాడు. "తినడం ఆపండి!"

"చీకట్లో ఆకలితో ఉన్న మనిషిని అలా కసురుతారేమిటి మరిదిగారూ?" అంది షెఫ్ భార్య.

"ఆయన్నేం అంటావక్కా? లోపల బావగారు మొత్తం ఊడ్చేస్తున్నారు" అంది టీచరు.

"ఊడ్చడమేమిటే? మీ ఇంటికి భోజనానికి పిలిచి లిఫ్టులో పెట్టి తాళం వేస్తే తినక ఏం చేస్తారు? అసలు ఆ రోజు గొడవ మొదలుపెట్టింది మీ ఆయన."

"మా ఆయన ఏదో సరదాకన్నారు. కంచం విసిరింది బావగారు."

"విసరలేదు, పెట్టారు!"

"పెడితే కంచం అంచు పగులుతుందా?"

"కొనిచ్చింది నువ్వా, మీ ఆయనా?" అక్క గొంతు పెరిగింది. "చిన్నప్పట్నుంచీ నీకు ఇదే పని. తప్పు నీది, ఏడుపు నాది!"

సెక్రటరీ ఇద్దరి మధ్యా ఈల ఊదాడు. అక్కాచెల్లెళ్ళు ఒక్కసారే ఆయన వైపు తిరిగి చూసిన చూపుకు ఈల నోట్లోంచి జారిపోయింది.

ఫైరింజను వచ్చింది. ఫైర్‌మన్ హెల్మెట్ తీసి, మెట్ల మీద గాలి పీల్చి, "నిప్పేం లేదండీ. ఎవరింట్లోనో వంట బాగా కుదిరింది, అంతే" అన్నాడు. సెక్రటరీకి చివాట్లు పెట్టి, స్విచ్ పైకెత్తించి వెళ్ళిపోయాడు. లిఫ్టు దీపాలు వెలిగాయి. తలుపు తెరుచుకుంది. షెఫ్ నేలమీద బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. ఒళ్ళో ట్రే ఉంది. మీసం మీద మీగడ ఉంది. ట్రేలో ఏమీ లేదు.

"టైలరమ్మా!" అని గర్జించాడు మాస్టారు. "పైకి రండి! ఎవరు చేశారో చెప్పండి!"

టైలరమ్మ మెడలో టేపుతో పరుగున వచ్చింది. "నాకేం తెలుసండీ? ఆయనే తెచ్చి లోపల పెట్టారు. నేను కోటు కుట్టుకుంటున్నాను. ఓవెన్ తలుపైనా తెరవలేదు. అయ్యాక బయటికి తీశాను, అంతే."

బిల్డింగులో సగం మంది మెట్ల మీదే ఉన్నారు. షెఫ్ అన్న మాటలన్నీ వాళ్ళు విన్నారు. ఆయన వాళ్ళని చూశాడు, ఖాళీ ట్రేని చూశాడు. మొహం కందగడ్డలా అయింది. వెనక్కి తీసుకోవడానికి ఆయన నోట్లో మాటా లేదు, చేతిలో కాలీఫ్లవరూ లేదు.

గెలిచింది మాస్టారు. కానీ ఆయన మెట్టు మీద కూలబడి, "ఇందులో ఏముంది అన్నాను కదూ ఆ రోజు?" అన్నాడు. "ఉందన్నయ్యా. పొద్దున్నుంచీ నా ప్రాణం తోడేసింది. మీరు రోజూ ఎలా చేస్తారో నాకర్థం కావడం లేదు."

షెఫ్ లేచి వచ్చి ఆయన పక్కనే కూర్చున్నాడు. మీసం తుడుచుకున్నాడు. "బంగాళాదుంప ముక్కలు మాత్రం ఒక్కోటి ఒక్కో సైజులో ఉన్నాయోయ్."

"కోపంలో కోశాను."

"నేనూ మొదట్లో అలాగే కోసేవాణ్ణి. నీకు అసలు అడ్డొచ్చింది ఎవరు?"

ఇద్దరూ ఒకేసారి సెక్రటరీ వైపు చూశారు. ఆ తర్వాత తోడల్లుళ్ళిద్దరూ ఒకరి మాట ఒకరు అందుకుంటూ ఆయన్ని మెట్టుమెట్టుకీ నిలదీసి కడిగేశారు. ఒకళ్ళ దగ్గర తిట్టు అయిపోతే ఇంకొకళ్ళు అందించారు. సెక్రటరీ తలుపేసుకున్నాడు. వాళ్ళు భుజాల మీద చేతులేసుకుని టైలరమ్మ వంటింట్లోకి దిగారు, రెండో ట్రే వెయ్యడానికి. ఈసారి ముక్కలన్నీ ఒకే సైజులో వచ్చాయి. కబుర్లు మాత్రం ఆగలేదు.

ట్రే పట్టుకుని పైకి వెళ్ళేసరికి భోజనాల బల్ల దగ్గర అక్క ఆ చివర, చెల్లెలు ఈ చివర కూర్చుని ఉన్నారు. ఒకళ్ళు కిటికీలోంచి చూస్తున్నారు, ఇంకొకళ్ళు గోడవైపు చూస్తున్నారు. "అమ్మాయ్, వడ్డించమంటావా?" అన్నాడు షెఫ్ మెల్లగా. టీచరు మంచినీళ్ళ చెంబు తన ముందుకు లాక్కుంది. "వదినగారూ..." అన్నాడు మాస్టారు. వదినగారు కుర్చీ ఇంకో జానెడు అవతలికి జరుపుకుంది.

నలుగురూ తలలు వంచుకుని తిన్నారు. ఆడవాళ్ళకు మాటల్లేవు, మగవాళ్ళకు ధైర్యం లేదు, అందుచేత రెండో ట్రేలో ఉప్పు వెయ్యడం మరిచిపోయారన్న సంగతి ఎవరూ ఎవరికీ చెప్పలేదు.