రిఫరీగారి గీతలు

ఆ రోజు పొద్దున్నే రిఫరీగారు పెట్టుకున్న పని ఒక్కటే. తన గది గుమ్మం దగ్గర బయలుదేరి, కారిడార్ పొడుగునా నడిచి, భోజనాల హాల్లో ఒక కుర్చీలో కూర్చోవాలి. చూసేవాళ్లకు ఇదీ ఒక పనేనా అనిపిస్తుంది గానీ, పార్కిన్సన్స్ వచ్చిన మనిషికి అది ఫైనల్ మ్యాచ్. పది గంటలకు పెద్ద డాక్టరుగారు వచ్చి చూస్తారు. నడిస్తే కింది అంతస్తులోనే ఉండనిస్తారు. నడవలేకపోతే మధ్యాహ్నానికల్లా పై అంతస్తుకు మార్చేస్తారు. మంచాలకూ చక్రాల కుర్చీలకూ పరిమితమైనవాళ్లను ఉంచేది అక్కడే. అక్కడ వ్యాయామాల హాలు లేదు, తోట లేదు, లిఫ్టు తాళం సిబ్బంది దగ్గరే ఉంటుంది. పైకి వెళ్లిన మనిషి మళ్లీ కిందికి వచ్చి కాపురం పెట్టడం ఆ వృద్ధుల హోమ్‌లో ఇంతవరకూ ఎవరూ చూడలేదు.

జుట్టు నెరిసేదాకా ఫుట్‌బాల్ మ్యాచ్‌లు ఆడించిన మనిషి ఆయన. ఒకసారి ఇచ్చిన నిర్ణయం మార్చుకున్న పాపాన పోలేదు. స్టేడియం మొత్తం లేచి నిలబడి తిట్టినా ముఖం చిట్లించేవారు కాదు. ఇప్పుడు జబ్బు పుణ్యమా అని ఆ ముఖం నిజంగానే బిగుసుకుపోయింది. ఆయన జోకు వేసినా ఎదుటివాళ్లు ఎవరు పోయారని అడుగుతున్నారు. గొంతు కూడా బాగా తగ్గిపోయి, మాట పెదవులు దాటేసరికే అలసిపోతోంది.

వీటన్నిటినీ మించినది కాళ్ల వ్యవహారం. బాగానే నడుస్తూ నడుస్తూ, గుమ్మం రాగానే పాదాలు నేలకు అతుక్కుపోతాయి. ఎంత బతిమాలినా కదలవు. చిత్రం ఏమిటంటే, ఎదురుగా నేల మీద ఒక అడ్డగీత కనిపిస్తే చాలు, దాన్ని దాటడానికి అదే కాలు పెళ్లికొడుకులా లేస్తుంది. ఈ కిటుకు కనిపెట్టి వాడుకున్నది హోమ్‌లోని ఫిజియోథెరపీ అమ్మాయి. గుమ్మం నుంచి భోజనాల హాలు దాకా అడుగడుగుకీ పసుపు టేపు ముక్కలు అతికించింది. వాటి మీదే రిఫరీగారు వారాల తరబడి సాధన చేశారు.

పెద్ద డాక్టరుగారు వస్తున్నారు కదా, కారిడార్ కళకళలాడాలని హోమ్ మేట్రన్ తెల్లవారకముందే నేలకు పాలిష్ పెట్టించింది. ఆ ఊపులో టేపు ముక్కలన్నీ గీకించి పారేయించింది.

రిఫరీగారు గుమ్మం దగ్గరికి వచ్చి చూస్తే, నేల అద్దంలా ఉంది. గీత అన్నది లేదు. కాళ్లు అక్కడే పాతుకుపోయాయి. ఫిజియోథెరపీ అమ్మాయి వచ్చేది పదింటికి. ఆమె వచ్చేదాకా కూర్చుంటే కథ ముగిసినట్టే. కూర్చునే రకం కాదాయన. తన గీతలు తానే వేయించుకోవాలని నిశ్చయించుకున్నారు.

సాయానికి ఉన్నది గదిలోని రెండో మనిషి, ఒకప్పుడు చేతిగడియారాలు బాగుచేసిన వాచీలాయన. ఆయనకు బ్రహ్మచెముడు. ఈయన మాట బయటికి రాదు, ఆయన చెవిలోకి ఏదీ పోదు. అందుకని ఇద్దరూ రిఫరీ సైగలతో సంసారం నెట్టుకొస్తున్నారు. చెయ్యి నిటారుగా పైకెత్తితే ఫ్యాను ఆపమని. రెండు చేతులూ ముందుకు చాచి ఊపితే, ఏం ఫరవాలేదు, ఆట కానివ్వమని. రిఫరీగారు గాలిలో అడ్డగీతలు గీసి చూపగానే వాచీలాయనకు సంగతి అర్థమైంది. పక్కనే నర్సమ్మ వదిలివెళ్లిన మందుల బండి మీద తెల్ల ప్లాస్టర్ చుట్ట ఉంది. ఆయన దాన్ని తీసుకుని, మోకాళ్ల మీద కూర్చుని, గడియారం ముల్లు బిగించినంత శ్రద్ధగా గీతలు అతికించసాగాడు.

గీతలు బాగానే పడ్డాయి గానీ, లేవబోయేసరికి ఆయన నడుము పట్టేసింది. పాలిష్ నేల మీద చెయ్యి ఆనలేదు. నిదానంగా వెల్లకిలా పడుకుని, కాసేపు ఇలాగే ఉంటే బాగుంటుందని కళ్లు మూసుకున్నాడు. గుమ్మంలో నిలబడ్డ రిఫరీగారు రెండు చేతులూ ముందుకు చాచి ఆట కానివ్వమని ఊపసాగారు. చేతులకు వణుకు ఎలాగూ ఉంది.

సరిగ్గా అప్పుడే నర్సమ్మ వచ్చింది. నేల మీద ఒక ముసలాయన కళ్లు మూసుకుని పడి ఉన్నాడు. చుట్టూ తెల్లగీతలు. గుమ్మంలో ఇంకొకాయన ముఖంలో ఏ భావమూ లేకుండా చేతులు ఊపుతున్నాడు. ఒకాయన పోయాడని, రెండో ఆయనకు షాకు తగిలిందని ఆమె తేల్చేసింది. ఆమె కేక విని గార్డు పరిగెత్తుకొచ్చాడు. ఏం జరిగిందో తెలియకపోయినా ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి, గోడ మీద కనిపించిన ఎర్ర గంట నొక్కాడు. అది నిప్పు అంటుకున్నప్పుడు నొక్కే గంట. అది మోగితే లిఫ్టు ఎక్కడున్నది అక్కడే ఆగిపోతుంది. తలుపులన్నీ తెరిచి, నడవగలిగినవాళ్లంతా తోటలోకి పోవాలి.

పోయారు. చేతికర్రలు, వాకర్లు, ఒకావిడ సగం అల్లిన స్వెట్టరు, అన్నీ తోటలోకి పోయాయి. అప్పుడే గేటు దగ్గర దిగిన రిఫరీగారి కూతురికి ఎవరో మీ నాన్నగారి గది ముందు మనిషి పోయాడట అని చెప్పారు. ఆమె హ్యాండ్‌బ్యాగు అక్కడే వదిలేసి ఏడుస్తూ లోపలికి పరిగెత్తింది. పై అంతస్తుకు మార్చమని అడిగింది ఆ కూతురే. కిందటి నెల తండ్రి స్నానాల గదిలో పడ్డప్పటి నుంచి ఆమెకు కంటి మీద కునుకు లేదు.

రిఫరీగారు అందరికీ సంగతి చెబుతూనే ఉన్నారు. గంట మోతలో ఎవరికీ వినిపించలేదు. అతికించిన గీతలేమో జనం కాళ్ల కింద మరుగున పడిపోయాయి. నేల మీది వాచీలాయన కళ్లు తెరిచి ఇంత మంది ఎందుకు వచ్చారని అడిగితే, నర్సమ్మ ఇంకోసారి కేక పెట్టింది. ఈ లోపల పెద్ద డాక్టరుగారు వచ్చి, రిఫరీగారి ముఖం చూసి, కాళ్లు చూసి, తల అడ్డంగా ఊపారు. కదలలేని స్థితి, మార్చడమే మేలన్నారు. ఇద్దరు ఆయాలు ఆయన్ను చక్రాల కుర్చీలో కూలేసి, కాళ్ల మీద దుప్పటి కప్పి, లిఫ్టు వైపు తోసుకుపోయారు.

లిఫ్టు తలుపు తెరుచుకోలేదు. గార్డు తాళం తిప్పాడు, మేట్రన్ బొత్తాం నొక్కింది, డాక్టరుగారు ఇద్దర్నీ తప్పించి తానే నొక్కి చూశారు. ముగ్గురూ తలుపుతో తంటాలు పడుతుంటే, రిఫరీగారి చూపు పక్కకు మళ్లింది. అక్కడ మెట్లున్నాయి. ప్రతి మెట్టుకూ ఒక అంచు. ప్రతి అంచూ ఒక గీత. గీకి పారేయడానికి వీల్లేని గీతలు.

గొంతు వ్యాయామంలో నేర్పినట్టు ఆయన కడుపు నిండా గాలి పీల్చారు.

"ఆగండి."

మైదానం దద్దరిల్లినట్టు కారిడార్ దద్దరిల్లింది. అందరూ ఎక్కడివాళ్లక్కడ బొమ్మల్లా నిలబడిపోయారు. రిఫరీగారు దుప్పటి తీసి డాక్టరుగారి చేతికిచ్చి, కుర్చీలోంచి లేచి, కమ్మీ పట్టుకుని మొదటి మెట్టు ఎక్కారు. రెండో మెట్టు ఎక్కారు. కాలు ఎక్కడా తడబడలేదు.

కూతురు పట్టుకోబోయింది. అప్పుడే వచ్చిన ఫిజియోథెరపీ అమ్మాయి అడ్డుపడింది. "పట్టుకోకండి మేడమ్. వెనకాల నేనున్నాను," అంటూ తాకకుండా ఒక మెట్టు వెనకే ఎక్కసాగింది.

"పడతావు నాన్నా," అంది కూతురు.

ఆయన ఆగి, వెనక్కి తిరగకుండానే చెప్పారు.

"అసలు పడకుండా ఉండాలంటే నడవడం మానెయ్యాలి తల్లీ. నేను మానను. పడతాను, లేస్తాను, మళ్లీ నడుస్తాను. నీకు భయమేస్తే నా పక్కన నడువు. అంతేగాని నన్ను మంచానికి అప్పజెప్పకు."

ఆమె కళ్లు తుడుచుకుంది. ఇన్నాళ్లూ పైకి మారడానికి ఆయన మౌనంగా ఒప్పుకున్నారని అనుకుంది, ఒక్కరోజు కూడా ఆయన నోటి దగ్గర చెవి పెట్టి వినలేదు. సిగ్గేసింది. చెప్పులు విప్పేసి, తండ్రి పక్కకు ఎక్కి, చెయ్యి పట్టుకోకుండా ఆయనతో సమానంగా నడిచింది. దిగువ నుంచి డాక్టరుగారు దుప్పటి చంకన పెట్టుకుని, ఇది నిబంధనలకు విరుద్ధమని అరుస్తూ వెంటపడ్డారు. మలుపు దగ్గర ఒకసారి ఆగారు. ఆ తర్వాత అరవడం మానేసి ఎక్కారు.

పై అంతస్తు గుమ్మంలో అక్కడి హెడ్‌నర్సు నిలబడి ఉంది. రిఫరీగారిని ఎగాదిగా చూసి, చక్రాల కుర్చీ ఏదని అడిగింది. కిందే ఉందని కూతురు చెప్పింది. అప్పుడావిడ రెండు చేతులూ తలుపుకు అడ్డంగా పెట్టింది.

"క్షమించండి సార్. మెట్లెక్కి వచ్చినవాళ్లని ఇక్కడ చేర్చుకోం. కింద తప్ప మీకు చోటు లేదు."

రిఫరీగారు ఆవిడకు నమస్కారం పెట్టి, ఫిజియోథెరపీ అమ్మాయి ముందు నడవగా, కూతురు పక్కన నడవగా, ఒక్కొక్క గీతా దాటుకుంటూ తన అంతస్తుకు దిగిపోయారు. ఆ ముఖం బిగుసుకునే ఉంది గానీ, ఆయన నవ్వుతున్నారని ఈసారి కూతురికి తెలిసింది.

అప్పటికి పై మెట్టు చేరిన పెద్ద డాక్టరుగారు కమ్మీ పట్టుకుని వేలు ఎత్తి ఏదో అన్నారు గానీ, ఆయాసంలో ఆ మాట ఎవరికీ వినిపించలేదు కాబట్టి, ఆయన ఒప్పుకున్నట్టే లెక్క.