తిరగని మీటరు

ఆ పొద్దున చేవెళ్ల బజారులో కిరాణా వ్యాపారం చేసే బాలకిషన్ వేసుకున్న పథకం చాలా చిన్నది. చన్నీళ్ల స్నానం చేయాలి, ఇస్త్రీ లేని తెల్లచొక్కా తొడుక్కోవాలి, మధ్యాహ్నం మండలాఫీసుకు వెళ్లి శాలువా కప్పించుకోవాలి. చేవెళ్ల, మొయినాబాద్ మండలాలకు కలిపి కరెంటు పొదుపులో ఆదర్శ గృహానికి సన్మానం చేస్తామని సర్కారు చాటింపు వేసింది. భూమి వేడెక్కిపోతోందని ఒక పెద్ద సారు చెప్పిన సభలో అందరికంటే ముందు లేచి ప్రతిజ్ఞ చేసింది బాలకిషనే. మైకు చేతికొస్తే కొందరికి ఒళ్లు తెలియదు.

ప్రతిజ్ఞ ఆయనది, పాటించాల్సింది ఇంటిల్లిపాదీ. పాత బల్బులు పోయి సీఎఫ్‌ఎల్ బల్బులు వచ్చాయి. కొన్నాళ్లకు అవి వెలగడమూ మానేశాయి. ఫ్రిజ్‌లో చీరలు సర్దారు. మిక్సీని అటకెక్కించి రోలు దించారు. హైటెక్ సిటీలో ఉద్యోగం చేస్తున్న కూతురు హర్షిత ఇంట్లోవాళ్ల సెల్‌ఫోన్లూ ఎమర్జెన్సీ లైటూ సంచిలో వేసుకుని కంపెనీ క్యాబ్ ఎక్కేది, అక్కడ చార్జింగ్ పెట్టుకుని తెచ్చేది. ఆ కరెంటు ఏ చెట్టుకు కాస్తుందని బాలకిషన్ ఎన్నడూ అడగలేదు.

భార్య కన్యకాపరమేశ్వరి మాత్రం ఆ రోజు తేల్చి చెప్పింది. "ఇయ్యాల శాలువ వస్తే సచ్చేదాంక గీ చీకట్లనే ఉంట. రాకపోతే గీ ఇంట్ల స్విచ్చులన్నీ నావి. మీరు ఒక్కదాని మీద గూడ చెయ్యి పెట్టొద్దు."

"రాకపోవుడేంది," అన్నాడు బాలకిషన్ ధీమాగా.

తల తుడుచుకుంటుండగా లైన్‌మన్ సాముయేలు ఆదరాబాదరాగా వచ్చాడు.

"సేటూ, రెండు నెలల సంది మీ మీటరు తిరుగుతలేదని ఆఫీసుల అనుమానపడ్డరు. దొంగ కరెంటు వాడుతున్నరేమో అని తనిఖీకి జీపుల వస్తున్నరు."

"ఇంట్ల ఏం ఎయ్యకపోతే అదెట్ల తిరుగుతది?"

"నాకెరికే. వాళ్లు నమ్మాలె గద. వాళ్లొచ్చేటాళ్లకు జర మీటరు తిరిగేటట్టు చూస్కోన్రి. ఫికర్ చెయ్యకున్రి."

ఇంత చెప్పాక ఫికర్ చేయకుండా ఉండేవాడెవడు? దొంగ అన్న పేరు పడితే ఇక బజారులో తలెత్తుకోలేడు. బాలకిషన్ పరుగున వెళ్లి లైట్లన్నీ వేశాడు. మీటరులో చక్రం బద్ధకంగా కదిలింది. ఆ కదలిక ఆయన ప్రాణానికి చాలలేదు. మిక్సీ దించమన్నాడు, టీవీ పెట్టమన్నాడు. కన్యకాపరమేశ్వరికి రెండోసారి చెప్పాల్సిన పని లేకపోయింది. డిసెంబరు చలిలో కూలరు బుస్సుమంది. పక్కింటి నిర్మలమ్మ దగ్గర గ్రైండరు, నీళ్లు కాచే హీటరు అడిగి తెచ్చారు. ఎదురింటి దర్జీ ఇస్త్రీపెట్టె ఇచ్చి, "సేటు ఇంట్ల పెండ్లి ఉన్నదా ఏంది?" అని అడిగాడు.

అంతలో జీపు రానే వచ్చింది. బాలకిషన్ ఎదురెళ్లి దండం పెట్టి, అందులోంచి దిగిన సారును నేరుగా మీటరు దగ్గరికి తీసుకెళ్లాడు.

"చూడున్రి సార్, ఎట్ల తిరుగుతున్నదో."

చక్రం గిర్రున తిరుగుతోంది. సారు దానివంక చూశాడు, పట్టపగలు వెలుగుతున్న లైట్లవంక చూశాడు, చలికి వణుకుతూ కూలరు ముందు నిలబడ్డ హర్షిత వంక చూశాడు.

"నేను సన్మాన కమిటీ నుంచి వచ్చానండీ. ఆదర్శ గృహం ఇదేనా?"

బాలకిషన్ మీటరుకు అడ్డంగా నిలబడ్డాడు. "ఇదే సార్. రోజూ గిట్ల ఉండదు. రెండు నెలల సంది ఒక్క దీపం పెట్టలే. జీపు వస్తున్నదంటేనే ఇయ్యాల అన్నీ ఏసిన."

సారు ఏదో అనబోయేంతలో వీధి చివర ట్రాన్స్‌ఫార్మరు ఢామ్మని పేలింది. బజారంతా కరెంటు పోయింది. వెనకే వస్తున్న తనిఖీ జీపు, కరెంటే లేని మీటరును చూసి చేసేదేముందని సగం దారిలోనే మళ్లిపోయింది.

మధ్యాహ్నం శాలువా మొయినాబాద్ మండలం కనకమామిడిలో ఫామ్‌హౌస్ కట్టుకున్న ఒక సాఫ్ట్‌వేర్ ఆసామికి దక్కింది. ఏడాది పొడుగునా ఆయన మీటరులో ఒక్క యూనిట్ కాలలేదట. రహస్యమేమిటని సభలో అడిగితే ఆయన దాచుకోలేదు.

"వీకెండ్ పార్టీలప్పుడు కరెంటు పోతే కష్టం కదండీ. అందుకని మొత్తం డీజిల్ జనరేటరు మీదే నడిపిస్తాం."

మండలాఫీసుకూ పేలిన ట్రాన్స్‌ఫార్మరు నుంచే కరెంటు కాబట్టి మైకు కోసం ఆ జనరేటరునే వ్యాన్‌లో తెప్పించారు. భూగోళాన్ని కాపాడుకోవాలంటూ పెద్ద సారు ఆ పొగలో దగ్గుతూనే ప్రసంగించాడు. బాలకిషన్ కూడా చప్పట్లు కొట్టాడు. కొట్టకపోతే కుళ్లుకుంటున్నాడంటారు.

సాయంత్రానికి కరెంటు వచ్చింది. కన్యకాపరమేశ్వరి వరుసగా స్విచ్చులన్నీ వేసుకుంటూ పోయింది. బాలకిషన్ అరుగు మీద కూర్చున్నాడు. రెండు నెలల చీకటి కంటే ఆ వెలుగే ఆయన్ను ఎక్కువ బాధపెట్టింది. లేచి కనీసం వంటింటి లైటైనా ఆర్పుదామనుకున్నాడు, పొద్దున భార్య అన్న మాట గుర్తొచ్చి మళ్లీ కూర్చున్నాడు.

మరుసటి నెల బిల్లు చూశాక, ఆ ఇంటి మీద కరెంటాఫీసుకున్న అనుమానం పూర్తిగా తీరిపోయింది.