మూడు గళ్ల లెక్క

ఆ శనివారం ఉదయం ఏడున్నర గంటలకు భోజనాల బల్ల వద్ద హాజరైనవారు, వచ్చిన క్రమంలో: జనాభా లెక్కల శాఖలో ముప్ఫై నాలుగేళ్లు పనిచేసి విరమించిన మామగారు, ఆయన కుమార్తె, ఆమె భర్త అయిన రికార్డుల కార్యాలయం సూపరింటెండెంటు. అల్లుడు చివరగా రావడానికి కారణం ఫుట్‌బాల్ మేజోళ్లలో ఒకటి కనిపించకపోవడం. అది మామగారి కుర్చీ మీద ఉంది. మామగారు దాని మీద ఉన్నారు.

ఆ నాటి కార్యక్రమం చాలా సాధారణమైనది. పది గంటలకు కార్యాలయం వెనుక ఉన్న మైదానంలో రికార్డుల కార్యాలయం జట్టు అగ్నిమాపక కేంద్రం జట్టుతో తలపడవలసి ఉంది. సూపరింటెండెంటే జట్టు నాయకుడు. అది ఆ ఏడాది తొమ్మిదవ ఆట. గడచిన ఎనిమిదింటిలో జట్టు సాధించిన గోల్స్ సున్నా. అందుచేత డైరెక్టరు గురువారం నాడు ఒక్క ముక్కలో తేల్చివేశారు: శనివారం కూడా సున్నాయే అయితే, సోమవారం నుంచి ఆ మైదానంలో కార్యాలయ వాహనాలకు షెడ్డు కడతారు.

"గోల్స్ ఒక్కటే లెక్కేంటి మామయ్యగారూ?" అన్నాడు సూపరింటెండెంటు, వెచ్చబడిన మేజోడును తొడుక్కుంటూ. "మావాళ్ల ఆటలో ఓర్పుంది. బంతి ఎప్పుడూ మా దగ్గరే ఉంటుంది. ఎన్ని పాసులిస్తామో ఎవరైనా రాశారా? అదే డైరెక్టరుగారితో అంటే, 'అంకెలుంటే పట్రావయ్యా' అన్నారు. అందుకే మీరు రావాలి."

"వస్తాను. ముందు పాసు అంటే ఏమిటో నిర్వచించండి, అల్లుడుగారూ."

"అదే... మావాళ్లలో ఒకళ్ల కాలి నుంచి ఇంకొకళ్ల కాలికి బంతి పోవడం."

"వెనక్కి పోతే?"

"అదీ పాసే."

"మళ్లీ మొదటివారి వద్దకే తిరిగి వస్తే?"

"అదీ పాసేనండీ."

"మీ ఆఫీసులో ఫైలు తిరిగినట్టే కదండీ," అంది కుమార్తె. భర్త వినిపించుకోలేదు.

మామగారు అలమర నుంచి తమ ఇత్తడి లెక్కింపు యంత్రాన్ని దించారు. అరచేతిలో ఇమిడే ఆ యంత్రంపై బొటనవేలితో మీట నొక్కినప్పుడల్లా ఒక అంకె పెరుగుతుంది.

"నాన్నా, దాంట్లో మూడు గళ్లే ఉన్నాయి," అంది కుమార్తె.

"తొంభై నిమిషాల్లో వెయ్యి పాసులు ఎవరిస్తారమ్మాయ్? మనుషులన్నాక అలసట ఉండదూ?"

మామగారికి మనుషుల సంఖ్య తెలుసు. రికార్డుల కార్యాలయం మనుషులు తెలియరు.

పది గంటలకు ఆయన కోటు ధరించి, మైదానం అంచున కుర్చీ వేయించుకుని, ఒక చేత యంత్రం, మరొక చేత నోటుపుస్తకంతో ఆసీనులయ్యారు. అలవాటు కొద్దీ మొదట తలలు లెక్కపెట్టారు.

"అల్లుడుగారూ, మీవాళ్లు పదిమందే ఉన్నారు."

"పదకొండో ఆయన ఎప్పుడూ రారండీ. జాబితాలో పేరు మాత్రం ఉంటుంది."

"రానివారి పేరు ఎందుకు?"

"లేకపోతే బాగోదు," అని సూపరింటెండెంటు జాబితాను రిఫరీకి అందజేశాడు. కార్యాలయ సంప్రదాయం ప్రకారం అందులో పేర్లు హోదా క్రమంలో ఉన్నాయి. రిఫరీగా వచ్చిన వ్యాయామ ఉపాధ్యాయుడు దాన్ని మడిచి జేబులో పెట్టుకున్నాడు.

ఆ తరువాత సూపరింటెండెంటు తన జట్టును చుట్టూ చేర్చి, "జాగ్రత్త. ఆ పెద్దాయన ఇవాళ ప్రతి పాసూ లెక్కపెడతారు," అన్నాడు. ఆయన తన మామగారని చెప్పడం మరచిపోయాడు. అనర్థానికి అంత మాత్రం చాలింది.

"ఎవరా కోటాయన?" అని గోల్‌కీపరు టైపిస్టును అడిగాడు.

"తెలీదు. పదోన్నతుల కోసం పై ఆఫీసు నుంచి వచ్చుంటాడు."

ఆ మాట అకౌంటెంటును చేరేసరికి 'వచ్చుంటాడు' కాస్తా 'వచ్చాడట' అయింది. డెస్పాచ్ గుమాస్తాను చేరేసరికి దానికి ఒక తోక కూడా మొలిచింది: "గోల్‌కి కొట్టి తప్పితే పేరు రాసుకుంటాడట!"

అటుపైన ఆట ఏ విధంగా సాగిందో ఊహించడం కష్టం కాదు. గోల్‌కి కొట్టిన బంతి తప్పిపోవచ్చు. పక్కవాడికి ఇచ్చిన బంతికి పక్కవాడు బాధ్యుడు. టైపిస్టు, అకౌంటెంటు రెండడుగుల దూరంలో ఎదురెదురుగా నిలబడి బంతిని ఇచ్చి పుచ్చుకోసాగారు. వారికి ఆయాసం వస్తే మరో ఇద్దరు ఆ బాధ్యత స్వీకరించారు. మామగారి కుడి బొటనవేలు వాచింది. ఆయన ఎడమ చేతికి మారారు.

అగ్నిమాపక జట్టు ఇరవై నిమిషాలు బంతి వెంట పరుగెత్తి, ఆ తరువాత నడిచి, చివరకు గడ్డిలో చతికిలబడింది.

"అన్నా, బంతి ఒక్కసారి ఇటివ్వండి. చూసి ఇచ్చేస్తాం," అని వారి నాయకుడు బతిమాలాడు.

"రాతపూర్వకంగా అడగండి," అన్నాడు టైపిస్టు.

ఆట మరో పది నిమిషాల్లో ముగుస్తుందనగా అగ్నిమాపక కేంద్రం నుంచి సైరను మోగింది. ఆ జట్టులో నలుగురు లేచి పరుగుతీశారు. వారిలో గోల్‌కీపరు కూడా ఉన్నాడు. వాహనం నడిపేది అతడే. ఏడుగురు మిగిలితే ఆట సాగవచ్చునని రిఫరీ ప్రకటించాడు. మిగిలిన ఏడుగురూ గోల్ ముందు ఎవరు నిలబడాలన్న చర్చలో పడ్డారు.

"నువ్వెళ్లరా."

"నిన్న నిచ్చెనెక్కింది నేనే. ఇవాళ నీ వంతు."

అదే సమయానికి బంతి డెస్పాచ్ గుమాస్తా పాదాల వద్ద ఉంది. ఎదురుగా పన్నెండడుగుల దూరంలో గోల్. అందులో పిట్ట కూడా లేదు. అతడు వినయంగా వెనుదిరిగాడు.

"సార్, గోల్ ఖాళీగా ఉంది. కొట్టమంటారా?"

 సూపరింటెండెంటు ముందుగా మామగారి కుర్చీ వైపు చూశాడు.

"ఎంతయింది మామయ్యగారూ?"

"తొమ్మిది వందల తొంభై ఎనిమిది!"

"ఆగవయ్యా, కొట్టకు! ఇంకో రెండైతే వెయ్యి! అకౌంటెంటుకిచ్చి మళ్లీ తీసుకో!"

డెస్పాచ్ గుమాస్తా ఇచ్చాడు. అకౌంటెంటు తిరిగి ఇచ్చాడు. మామగారి బొటనవేలు రెండుసార్లు కదిలింది. సరిగ్గా ఆ క్షణాన, మేడమీది కిటికీ నుంచి ఇదంతా చూసి ఓపిక నశించిన డైరెక్టరు దిగివచ్చి, కుర్చీ వెనుక నిలబడ్డారు.

"ఎన్ని పాసులండీ?"

మామగారు యంత్రం వైపు చూశారు. మూడు గళ్లలోనూ మూడు సున్నాలు నిగనిగలాడుతున్నాయి.

"గోల్సూ సున్నా, పాసులూ సున్నానా!" అన్నారు డైరెక్టరు.

"సార్, అది సున్నా కాదు సార్, వెయ్యి!" అంటూ సూపరింటెండెంటు పరుగున వచ్చాడు. "మామయ్యగారూ, మీరైనా చెప్పండి!"

మామగారు యంత్రాన్ని ఒకసారి తట్టి చూశారు. "యంత్రం చూపనిదాన్ని నేను ధ్రువీకరించలేను. చూపినదాన్ని నమ్మలేను. ముప్ఫై నాలుగేళ్లలో నాకీ దుస్థితి రాలేదు."

"చాల్లెండి. ఖాళీ గోల్‌లోకి బంతి కొట్టడానికి లెక్కలెందుకు, కాలుంటే చాలు," అని డైరెక్టరు చేతులు మడుచుకున్నారు. "రిఫరీగారూ, నేను లోపలికొస్తున్నా."

రిఫరీ జేబులోని జాబితాను తీసి చూసి, తల ఊపాడు.

"ఇటివ్వవయ్యా," అన్నారు డైరెక్టరు. డెస్పాచ్ గుమాస్తా రెండు కాళ్లూ దగ్గరగా చేర్చి, సంతకానికి ఫైలు పెట్టినంత మర్యాదగా బంతిని ఆయన ముందుకు జరిపాడు. అలవాటు పడిన మామగారి బొటనవేలు దానంతటదే కదిలింది. డైరెక్టరు నల్లని తోలు బూటుతో తన్నారు. బంతి వలలో పడింది. రిఫరీ ఈల వేశాడు.

"గోల్!"

"అదెలా? ఆయన ఆటగాడు కాదుగా!" అని అగ్నిమాపక జట్టు లేచింది.

"ఎందుకు కాదు? జాబితాలో మొదటి పేరే ఆయనది. సూపరింటెండెంటుగారు తొమ్మిది ఆటల నుంచీ రాస్తున్నారు," అన్నాడు రిఫరీ.

డైరెక్టరు నోరు వెళ్లబెట్టారు. పిదప మెల్లగా టై సవరించుకున్నారు. ఆ ఏడాది జట్టు కొట్టిన ఏకైక గోల్ ఆయనదే. ఆయన తిరిగి కుర్చీ వద్దకు వచ్చి, ఈసారి మృదువుగా అడిగారు.

"ఇప్పుడు యంత్రం ఏమంటోందండీ?"

"పాసులు ఒకటి," అన్నారు మామగారు, ఎంతో బాధతో. "గోల్స్ ఒకటి."

"ఒక్క పాసు, ఒక్క గోల్! నూటికి నూరు!" డైరెక్టరు సూపరింటెండెంటు భుజం తట్టారు. "అంకెల్లో ఇంత నిజముంటుందనుకోలేదయ్యా. ఇలా ఆడే జట్టున్నప్పుడు షెడ్డెందుకు? మైదానం మీదే. వచ్చే ఆటకి నాకు బూట్లు తెప్పించు."

మైదానం దక్కింది, వెయ్యి పాసులు పోయాయి. సూపరింటెండెంటు నవ్వాలో ఏడవాలో తెలియక మేజోడు పైకి లాక్కున్నాడు. మామగారు మాత్రం ఆ సాయంత్రం నివేదిక చివర చిన్న అక్షరాలతో 'దీనికి పూర్వం మరొక వెయ్యి ఉన్నట్లు వినికిడి' అని చేర్చి, తుది పేరాలో తమ కర్తవ్యాన్ని నెరవేర్చారు:

"పై అధికారి అనుమతి కోరకుండా బంతిని గోల్‌లోకి కొట్టిన తొలి ఉద్యోగిగా డైరెక్టరుగారి చర్యను కృతజ్ఞతతో నమోదు చేయడమైనది. ఆ సమయంలో మైదానంలో ఆయనకు పై అధికారి ఎవరూ లేరు."